దయ్యానికి కారణం చెప్పాలా?

హారర్ నవల చెడిపోయేది ఎక్కువగా చివరి వంద పేజీల్లోనే. అంతవరకూ మూసిన తలుపు వెనక ఏముందో తెలియక కాళ్లు ముడుచుకుని చదువుతాం. సరిగ్గా అప్పుడే ఒక ముసలి పూజారో, అటక మీద దొరికిన డైరీయో, పాత పేపరు కటింగో ఊడిపడి, ఫలానా ఏడాది ఫలానా ఘోరం జరిగింది కనక ఈ ఇల్లు ఇలా తయారైందని చెప్పేస్తుంది. అక్కడితో భయం సరి. ఇక మిగిలింది పోలీసు కేసే. ఫాంటసీది దీనికి తలకిందుల జబ్బు. కథ మొదలవకముందే దేశపటం, వంశవృక్షం, ఏ మంత్రానికి ఎంత శక్తి అన్న లెక్క మన చేతిలో పెడతారు. పాఠాలు ముగిసి కథలోకి దిగేసరికి ఆశ్చర్యపడే ఓపిక ఉండదు.

ఈ మధ్య ఈ రెండు రకాల నవలలే వరసగా చదివాను. కొత్తవి కొన్ని, ఎప్పుడో చదివి మళ్లీ తీసినవి కొన్ని, ఇంగ్లీషువీ తెలుగువీ కలిపి. చదువుతున్నంతసేపూ వదలని ప్రశ్న ఒకటే: రచయిత ఎంత విప్పిచెప్పాలి, ఎక్కడ ఊరుకోవాలి? ఈ ప్రశ్న గురించి మాట్లాడాలంటే కొన్ని ముగింపులు బయటపెట్టక తప్పదు. చదవబోయేవాళ్లు మన్నించాలి.

ముందు షర్లీ జాక్సన్ సంగతి. 1959లో ఆవిడ రాసిన 'ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' ఈ కోవలో అందరూ పేరు చెప్పే పుస్తకం. పేరు చెప్పేవాళ్లలో చదివినవాళ్లు ఎందరో గానీ, ఆ పేరుకు అది తగినదే. మంచాన పడ్డ తల్లికి పదకొండేళ్లు సేవ చేసి, తనకంటూ బతుకు లేకుండా ముప్ఫై రెండేళ్లకు చేరిన ఎలినార్ అనే మనిషి, దయ్యాల మీద పరిశోధన చేసే ఒక డాక్టరు పిలిస్తే ఆ ఇంటికి వెళుతుంది. ఇంటి పాత చరిత్రనంతా ఆ డాక్టరు మొదట్లోనే చెప్పేస్తాడు. ఎవరు కట్టారు, ఎవరు చచ్చిపోయారు, ఏ గోడా సరైన మూలకు ఎందుకు కుదరదు, అన్నీ. అంత చెప్పినా మనకు ఒక్క ముక్క అంతుపట్టదు. జాక్సన్ తెలివంతా అక్కడుంది. చరిత్రను చివరిదాకా దాచి బాంబులా పేల్చలేదు. ముందే చేతికిచ్చి, అది ఎందుకూ పనికిరాదని నిదానంగా తెలిసేలా చేసింది. చీకట్లో పక్క మంచం మీది స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుని భయాన్ని ఓర్చుకున్న ఎలినార్‌కు, దీపం వెలిగాక ఆ స్నేహితురాలు గదిలో అంత దూరాన ఉందని తెలుస్తుంది. మరి తను పట్టుకున్నది ఎవరి చెయ్యి? జవాబు లేదు. ఇల్లే పిచ్చిదా, ఎలినార్ మనసే అలా చేసిందా అన్నది కూడా చివరికి తేలదు. తేలకపోయినా మోసపోయామనిపించదు. ఎందుకంటే ఎలినార్ ఏం పోగొట్టుకుందో మనకు పూర్తిగా తెలుసు. ఇక్కడ నాకు దొరికిన కొలబద్ద ఇది: దయ్యం అస్పష్టంగా ఉండొచ్చు, నష్టం అస్పష్టంగా ఉండకూడదు.

ఆ కొలబద్దతో చూస్తే సిల్వియా మొరెనో-గార్సియా 'మెక్సికన్ గోథిక్' సగం గెలిచి సగం ఓడింది. 2020లో వచ్చి బాగా పేరు తెచ్చుకున్న నవల. 1950ల మెక్సికో. సరదాగా పార్టీలకు తిరిగే నొయెమీ అనే పిల్ల, పెళ్లయి కొండమీది బంగళాకు వెళ్లిన అక్క వరసామె నుంచి వింత ఉత్తరం రావడంతో చూడడానికి వెళుతుంది. ఆ బంగళా వెండి గనులు తవ్వుకోవడానికి వచ్చిన ఇంగ్లీషు కుటుంబానిది. భోజనాల బల్ల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. గోడల కాగితం మీద బూజు మచ్చలు రోజుకో ఆకారంలో ఉంటాయి. ఇంతవరకూ చాలా బాగుంది. తర్వాత అసలు కారణం బయటపడుతుంది: ఇంటినిండా పాకిన శిలీంధ్రం, దాన్ని అడ్డం పెట్టుకుని చావును దాటాలనుకునే ముసలి యజమాని, జాతి శుద్ధి మీద అతనికున్న వెర్రి. ఆలోచనగా ఇది గట్టిదే. పరాయి నేలను, కూలీల ఒళ్లను తిని బతికిన వలస దొరతనానికి ఇంతకంటే సరైన రూపం దొరకదు. కానీ ఆ కారణమంతా ఆ ఇంటివాళ్ల నోటి నుంచే పేజీలకు పేజీలు ఉపన్యాసంలా వస్తుంది. తెలుసుకోవడానికి నొయెమీ ఏమీ పోగొట్టుకోనక్కర్లేదు, వినడానికి కూర్చుంటే చాలు. అక్కడినుంచి నవల సినిమా క్లైమాక్సు దారి పట్టింది.

తమాషా ఏమిటంటే టి. కింగ్‌ఫిషర్ అనే కలంపేరుతో రాసే ఉర్సులా వెర్నన్ కూడా సరిగ్గా ఇలాంటి శిలీంధ్రం కథే రాసింది. 2022లో వచ్చిన 'వాట్ మూవ్స్ ద డెడ్'. ఎడ్గార్ అలన్ పో 1839లో రాసిన అషర్ ఇంటి కథను తిరగరాసిన చిన్న నవల. రాస్తున్న మధ్యలో మొరెనో-గార్సియా పుస్తకం చదివి డీలా పడ్డానని ఆవిడే వెనకమాటలో ఒప్పుకుంది. డీలా పడాల్సింది కాదు. ఆవిడ మొదటి పేజీ నుంచే పుట్టగొడుగుల్ని చూపించేసింది, కనక చివర్లో గుట్టు విప్పే అవస్థే లేదు. నడక తప్పిన కుందేళ్లు, గుడ్లప్పగించి చూస్తూ కూర్చునే కుందేళ్లు ఆ పుస్తకంలో ఉన్నాయి. వాటి తర్వాత నొయెమీ బంగళా గోడలు నన్నేమీ చెయ్యలేకపోయాయి. పైగా ఇందులో హాస్యం ఉంది. హారర్‌లో నవ్వించగలిగినవాళ్లే బాగా భయపెట్టగలరని నా నమ్మకం.

స్టీఫెన్ కింగ్ గురించి రాయాలంటే ఒక పత్రిక చాలదు. పదకొండు వందల పేజీలు దాటే 'ఇట్' పిల్లల స్నేహం గురించి గొప్ప నవల, దయ్యం గురించి మామూలు నవల. అన్ని వేషాలు వేసిన ఆ భూతం చివరికి ఒక పెద్ద సాలెపురుగుగా తేలేసరికి ఉస్సూరనిపించింది. 1983 నాటి 'పెట్ సెమెటరీ' వేరు. మరీ చీకటిగా ఉందని కింగే కొన్నాళ్లు పక్కన పెట్టేసిన పుస్తకం అది. లారీలు దూసుకుపోయే రోడ్డు పక్కన ఇల్లు కొనుక్కున్న డాక్టరు లూయిస్. ఆ రోడ్డు మీద కూతురి పిల్లి చస్తుంది. పక్కింటి పెద్దాయన జాలిపడి, పాతిపెడితే చచ్చింది తిరిగొచ్చే చోటు చూపిస్తాడు. పిల్లి తిరిగొస్తుంది, కానీ అది ఆ పిల్లి కాదు. ఇక తర్వాత ఆ రోడ్డు మీద ఏం జరుగుతుందో, ఆ తండ్రి ఏం చేస్తాడో మనకు వంద పేజీల ముందే తెలుసు, అతనికీ తెలుసు. రహస్యమంటూ ఏమీ లేదు. తెలిసీ చేస్తాడు. కొడుకును పోగొట్టుకున్నవాడికి తెలివి ఏ మూలకు? నేను చదివిన హారర్ నవలల్లో మళ్లీ తెరవాలంటే జంకేది ఇదొక్కటే.

ఆ చోటు స్థానిక మిక్‌మాక్ తెగ వాళ్ల పాత శ్మశానమని, అక్కడ ఏదో దుష్టశక్తి తిష్ట వేసిందని కింగ్ రాశాడు. అమెరికన్ హారర్‌కు ఇది పాత అలవాటు: ఆ నేల అసలు హక్కుదారుల్ని కథలోంచి తీసేసి, వాళ్ల సమాధుల్ని మాత్రం భయపెట్టడానికి వాడుకోవడం. బ్లాక్‌ఫీట్ తెగవాడైన స్టీఫెన్ గ్రాహం జోన్స్ 2020లో రాసిన 'ది ఓన్లీ గుడ్ ఇండియన్స్' దీనికి సరైన జవాబు. నలుగురు కుర్రాళ్లు పెద్దలకు కేటాయించిన అడవిలో దొంగతనంగా ఎల్క్ దుప్పుల మందను కాలుస్తారు. అందులో ఒకటి చూలుది. పదేళ్ల తర్వాత అది లెక్క తేల్చుకోవడానికి వస్తుంది. నిచ్చెనెక్కి దీపం బాగుచేస్తున్నవాడికి తిరిగే ఫ్యాను రెక్కల సందుల్లోంచి కింద తివాచీ మీద చచ్చిపడిన దుప్పి కనిపించే ఘట్టం ఉంది, ఆ ఒక్కటి చాలు పుస్తకానికి. జోన్స్ కారణం దాచలేదు. ఆ దుప్పి చేతే కొంత కథ చెప్పించాడు. దాని పక్షాన న్యాయం ఉందని మనమూ ఒప్పుకుంటాం. అయినా భయం తగ్గదు, ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే న్యాయమైన పగను ఆపమని అడగడానికి మనకు నోరు రాదు. బాస్కెట్‌బాల్ ఆట వర్ణనలు మాత్రం నన్ను విసిగించాయి.

మరియానా ఎన్రీకెస్ 'అవర్ షేర్ ఆఫ్ నైట్' ఇంగ్లీషులోకి 2022లో మేగన్ మెక్‌డవల్ అనువాదంగా వచ్చింది. అర్జెంటీనా సైనిక నియంతృత్వం 1976 నుంచి 1983 దాకా సాగింది. మనుషుల్ని ఎత్తుకుపోయి, శవాలు కూడా దొరక్కుండా చేసిన కాలమది. సరిగ్గా అప్పుడే డబ్బున్న భూస్వామ్య కుటుంబాల రహస్య ముఠా ఒకటి 'చీకటి' అనే శక్తిని కొలుస్తుంటుంది. ఆ చీకటిని రప్పించగలిగిన హువాన్ అనే మనిషి, తన కొడుకు గాస్పర్ కూడా ఆ పనికి బలికాకుండా కాపాడుకోవాలనుకుంటాడు. చీకటి ఏమిటో ఎన్రీకెస్ ఎక్కడా చెప్పదు. చెప్పనక్కర్లేదు, ఎందుకంటే దాన్ని కొలిచేవాళ్లెవరో చరిత్రకు బాగా తెలుసు. ఒక పాడుబడ్డ ఇంట్లోకి పిల్లలు దూరి, వాళ్లలో ఒకరు బయటికి రాకపోవడం మామూలు దయ్యాల కథ. ఆ దేశంలో ఆ కాలంలో అది మామూలు వార్త కూడా. లండన్‌లో హిప్పీల నడుమ నడిచే భాగం ఎవరైనా ఎడిటర్ కత్తిరించి ఉంటే ఈ నవలకు సాటి ఉండేది కాదు. అలా కత్తిరించకపోయినా ఈ తరంలో వచ్చిన హారర్‌లో దీన్ని మించింది నేను చదవలేదు.

ఇక ఫాంటసీ. ఇక్కడ వాదమంతా బ్రాండన్ శాండర్సన్ చుట్టూ తిరుగుతోంది. మంత్రంతో చిక్కు విప్పాలంటే ఆ మంత్రం ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ముందే తెలిసి ఉండాలన్నది అతని సూత్రం. అన్యాయమేమీ కాదు. 2006 నాటి 'మిస్ట్‌బార్న్'లో మనుషులు లోహపు తునకలు మింగి, వాటిని కడుపులో మండించి శక్తి తెచ్చుకుంటారు. ఏ లోహానికి ఏ శక్తి అన్నది కచ్చితం. పోరాటాలు చదరంగం ఆటలా నడుస్తాయి, చదువుతున్నంతసేపూ హుషారుగా ఉంటుంది. ముగించాక ఒక్క దృశ్యమూ మనసులో నిలవదు. అద్భుతాన్ని ఇంజినీరింగు చేస్తే ఇంతే మిగులుతుందేమో. అతని అభిమానులు నా మీదికి దండెత్తినా సరే, ఇది నా అభిప్రాయం.

సుజానా క్లార్క్ 'పిరనేసి' దీనికి పూర్తిగా ఎదురు. మొదటి నవల 2004లో, ఇది 2020లో. మధ్యలో అన్నేళ్లు ఆవిడ జబ్బుతో తీసుకుంది. అంతులేని గదులు, గదినిండా విగ్రహాలు, కింది అంతస్తుల్లో సముద్రం, పై అంతస్తుల్లో మబ్బులు. అక్కడ ఒంటరిగా ఉండే మనిషి ఆటుపోట్లు లెక్కకట్టి, చేపలు పట్టుకుని, అస్థిపంజరాలకు పూలు పెట్టి, ఇల్లు తనను ప్రేమిస్తోందని నమ్ముతూ బతుకుతుంటాడు. ఈ పుస్తకంలోనూ గుట్టు విప్పుతారు, పూర్తిగా విప్పుతారు. అతనెవరు, అక్కడికెలా వచ్చాడు, ఎవరు చేశారు, అంతా తెలిసిపోతుంది. మరి ఎందుకు చప్పబడలేదు? తెలుసుకున్న కొద్దీ అతని ఇల్లు అతనికి దూరమవుతుంది కనక. నిజం తెలిసినవాడు ఆ అమాయకుడిగా ఇక బతకలేడు. వివరణకు పాత్ర మూల్యం చెల్లించాలి, ఉచితంగా దొరికే వివరణే కథను చంపుతుంది. లూయిస్ చెల్లించాడు, నొయెమీ చెల్లించలేదు. 2021లో బ్రిటన్ విమెన్స్ ప్రైజ్ ఈ నవలకు ఇచ్చారు. అవార్డులు సరైన పుస్తకానికి వెళ్లడం అరుదు గనక చెబుతున్నాను.

శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర 2023లో రాసిన 'ద సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్' మనకు ఇంకా దగ్గరిది. పుట్టగానే తల్లి నీడ కత్తిరించేసి, మహాత్ముడిగా పేరుపడ్డ తండ్రిని చంపడానికే పెంచిన కొడుకు కథ. బుద్ధుడు, రాహులుడు, వదిలిపెట్టిన ఇల్లు, ఇవన్నీ వెనక కదులుతున్నాయని మన పాఠకులకు ఎవరూ చెప్పక్కర్లేదు. మూస్తే చాలు మళ్లీ తెరుచుకోని, రంగులు తేలే తలుపులు ఆ నగరం నిండా ఉంటాయి. వాటిని పరీక్షించే సర్కారు శాఖ కూడా ఉంటుంది. ఆ శాఖ పద్ధతీ, ఫారాలూ చదువుతుంటే నవ్వాగదు. నవ్వుతుండగానే శిబిరాలు, మూకదాడులు, ఎవరు ఏ జాతో తేల్చే కాగితాలు వచ్చి పడతాయి. నెబ్యులా అవార్డు గెలిచిన నవల. మధ్యలో దారి తప్పినట్టనిపిస్తుంది, ఓపిక పట్టాలి.

ఇంత చదివి తెలుగు వైపు తిరిగితే, ఈ ప్రశ్న మనకు కొత్తది కాదని తేలింది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. చెప్పిన కథ భూమ్మీద జరిగి తీరాల్సి వస్తుంది. అక్కడ చిక్కుముడి విప్పే వివరణే అసలు అద్భుతం. శాండర్సన్‌కు నాలుగు వందల ఏళ్ల ముందు మనవాడు గుట్టు చెప్పీ ఆశ్చర్యం పోకుండా ఎలా రాయాలో చూపించాడు. విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ' ఇంకో దారి. గుర్రపుతల గంధర్వుడు రెక్క విరిగి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. శాస్త్రవేత్తలు అతన్ని బోనులో పెట్టి, ఏ జంతువో తేల్చడానికి తంటాలు పడతారు. వివరించాలనే ఆత్రాన్నే వెక్కిరించిన చిన్న పుస్తకం. విశ్వనాథ భావాలతో పేచీ ఉన్నవాళ్లు కూడా దీన్ని చదివి హాయిగా నవ్వుకోవచ్చు.

1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం 'చందమామ'లో రాసిన సీరియళ్లను చిన్నప్పటి మోజుతో కాక ఇప్పటి కళ్లతో మళ్లీ చూశాను. 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'ముగ్గురు మాంత్రికులు'. నిజం చెప్పాలంటే పాత్రలకు లోతు లేదు, ఆడవాళ్లకు పని లేదు. కానీ ఆయన కథలో ఏ వింతనూ ఆగి వివరించడు. భల్లూకం మీద వచ్చేవాడు భల్లూకం మీద వస్తాడు, అంతే. వాక్యం ముందుకు పరిగెడుతుంది. చిత్రకారుడు 'చిత్ర' గీసిన బొమ్మలు మిగతా పని చేస్తాయి. దేశపటాలు ముద్రించే నేటి రచయితలు ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఇక యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తెలుగునాట ఇళ్లలో పిల్లలకు నిద్ర లేకుండా చేసిన నవల. ఒక చిన్నపిల్ల మీద మంత్రగాడు కాద్రా చేసే కాష్మోరా ప్రయోగం, ఇరవై ఒక్క రోజుల గడువు. పిల్ల ఒంట్లో బాధ, తల్లిదండ్రుల దిక్కుతోచనితనం రాసిన పేజీలు ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి. మధ్యలో పిల్ల జబ్బును డాక్టర్లు ఒక్కో పరీక్షా చేసి చూసే పద్ధతిలో 'ఎక్సార్సిస్ట్' ఛాయ నాకు కనిపిస్తుంది. యండమూరి దానికి చేర్చింది మాత్రం పూర్తిగా తనది. ప్రతి వింతకూ రెండు కారణాలు నడిపాడు: ఒకటి చేతబడి, ఇంకొకటి వైద్యం, హిప్నాటిజం చెప్పేది. చివరికి పిల్ల ఎందుకు బతికిందన్న దానికీ రెండు జవాబులున్నాయి, ఎంచుకునే భారం పాఠకుడిది. కథా నిర్మాణంగా చూస్తే జాక్సన్ సాధించినదాన్నే ఇతను వేరే దారిలో, వారం వారం ఉత్కంఠ తెగకుండా సాధించాడు. దీన్ని ఒప్పుకోకపోవడం అన్యాయం.

అయితే రంగనాయకమ్మ ఈ నవలను గంజాయి దమ్ముతో పోలుస్తూ విరుచుకుపడింది ఊరికే కాదు. ఆ రోజుల్లో 'క్షుద్ర సాహిత్యం' అన్న ముద్ర వేసినవాళ్లందరూ చాదస్తులూ కారు. హిల్ హౌస్ లాంటి ఇల్లు ఉందని నమ్మి ఎవరూ ఎవర్నీ చంపరు. చేతబడి సంగతి అలా కాదు. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి, పళ్లు పీకి, తగలబెట్టిన వార్తలు మన పల్లెల నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. ఆ బలి అయ్యేవాళ్లు ఎక్కువగా ఒంటరి ముసలివాళ్లు, వితంతువులు, నోరులేని కులాలవాళ్లు. అటువంటి చోట రెండు కారణాల్నీ సమానంగా పెట్టి 'మీరే ఎంచుకోండి' అనడం శిల్పం దృష్టిలో గొప్ప, మరో దృష్టిలో తప్పించుకోవడం. పుస్తకంలోని వివరణకు పాత్రలు మూల్యం చెల్లించాలన్నాను కదా. ఇక్కడ చెల్లించింది పుస్తకం బయటివాళ్లు. నవల చదివే ఎవరో చంపారని నేననడం లేదు. నమ్మకం నవలకంటే చాలా పాతది. కానీ కాద్రాను నిజం మంత్రగాడిగా చూపిన ప్రతి పేజీ ఆ నమ్మకానికి కాస్త ఊతమిచ్చిందన్న విమర్శను కొట్టిపారేయలేం. యండమూరిని అనుకరించి తర్వాత కుప్పలుగా వచ్చినవాటిలో ఆ రెండో కారణం కూడా ఎగిరిపోయింది. నిమ్మకాయలు, పుర్రెలు, అర్ధరాత్రి స్నానాలు మిగిలాయి. వాటి గురించి మాట్లాడడం దండగ.

జోన్స్, ఎన్రీకెస్, చంద్రశేఖరల్ని చదివాక నాకు తోచింది ఇది. భయం ఎవరి వైపునుంచి చెబుతున్నామన్నది మారిస్తే తెలుగు హారర్‌కు ఈ చిక్కు విడిపోతుంది. చేతబడి చేసిందని ఊరంతా అనుమానించే ముసలమ్మ ఇంట్లోనుంచి కథ చెప్పండి. చీకటి పడ్డాక తలుపు కొట్టేది ఎవరు? పొద్దున్న పలకరించిన పక్కింటివాడే, చేతిలో కిరోసిన్ డబ్బాతో. అక్కడ దయ్యానికి కారణం చెప్పనక్కర్లేదు, కారణం అందరికీ తెలుసు. అయినా ఒళ్లు గగుర్పొడుస్తుంది. మన దగ్గర చేతబడిని ఎరిగిన రచయితలకు, పల్లెను ఎరిగిన రచయితలకు కొరత లేదు. వారపత్రికల సీరియళ్లు తగ్గిపోయినా ఆడియో కథలు, ఫోనులో చదివే నవలలు కొత్త చోటు ఇస్తున్నాయి. దయచేసి ఎవరైనా రాయండి.

ఈలోగా పాఠకులకు ఒక మాట. తీరిక తక్కువుంటే 'పిరనేసి' చదవండి, రెండు రాత్రుల పని. భయమే కావాలంటే 'హిల్ హౌస్'. ధైర్యం, తీరిక రెండూ ఉంటే ఎన్రీకెస్. పసిపిల్లల తల్లిదండ్రులు మాత్రం 'పెట్ సెమెటరీ'ని ఇంకో పదేళ్లు ముట్టుకోకండి.